గూడ తాళ్ళు

ముందు వాసన వచ్చింది.

ఎండిన మన్ను మీద కొత్తనీళ్ళ వాసన... దాని వెనకే తడి సిమెంటు వాసన. ఆ తరవాతే నీళ్ళు.

అప్పలసూరి గట్టు మీద నిలబడి చూశాడు. కాలవ నిండుగా పోతోంది.

తాతలనాటి కాలవ. ఇన్నాళ్ళూ అతని పొలం దగ్గరే ఆఖరయ్యేది. పైవాళ్ళంతా వాడుకోగా మిగిలిన బురద అతనికి. ఊళ్ళో అతన్ని పిలిచేదే కొసోడని.

ఇప్పుడు కొస అతనిది కాదు.

కాలవని శ్రీకాకుళం దాకా, నాగావళి ఒడ్డు దాకా పొడిగించారు. అక్కడ బోట్లట, రంగు దీపాలట, సాయంత్రం షికార్లట. పోనీ! పట్నం పోవాలంటే నీళ్ళు తన పొలం దాటే కదా పోవాలి. ఆ ధీమాతోనే వానకి ముందే ఆకుమడి పోశాడు. ఉన్న విత్తనమంతా పోశాడు. పక్కన పారే నీళ్ళకి గండి కొడితే మడిలోకి రాకేం చేస్తాయి?

రాలేదు.

పట్నానికి వాటం కుదరాలని కాలవని లోతు చేశారు. నీళ్ళు పొలానికి మొలలోతు కింద పోతున్నాయి. ఇటు సిమెంటు గోడ. తూము లేదు.

దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వలేదు.

ఆకుమడి ఎండి పసుపుబారుతోంది — నారు లేకపోతే ఈ ఏడు పంట లేదు.

ఆ పై పొలం ఎర్రన్నది. అప్పలసూరి భార్య లక్ష్మణమ్మకి సొంత అన్న. ఎర్రన్న ఆకుమడీ ఎండుతోంది. ఒక ఎండాకాలం ఎర్రన్న కాలవకి అడ్డుకట్ట వేశాడు. అప్పలసూరి తెంపాడు. పారలు లేచాయి. అప్పట్నించీ బావలిద్దరికీ మాటల్లేవు.

అప్పుడు నీళ్ళు లేక తగువు. ఇప్పుడు నీళ్ళున్నాయి... తగువూ ఉంది.

లక్ష్మణమ్మ అటక మీంచి పాత రేకు గూడ దింపింది. రెండువైపులా కొత్త తాళ్ళు కట్టింది. ఇద్దరు చెరో పక్కా నిలబడి, ఊపుతూ నీళ్ళు ఎత్తిపోసే గూడ. ఒక్కడి వల్ల కాదు.

"నువ్వోపక్క పట్టు. మా అన్నోపక్క పడతాడు. మాటాడుకోపోతే మానీండి... నీళ్ళు తోడండి."

అన్నకీ అదే చెప్పింది.

వచ్చాడు ఎర్రన్న. తాళ్ళు అందుకున్నాడు. మొహం మాత్రం పట్నంవైపు.

ఒకడు ముందు లాగాడు, ఒకడు వెనక. గూడ ఒరిగింది. నీళ్ళు కాలవలోకే పోయాయి.

మళ్ళీ ఒరిగింది.

"ఏటి బావా... సూసి లాగు."

ఎర్రన్న గొంతే. అప్పలసూరికి సిగ్గేసింది, సంతోషమూ వేసింది. వంగాడు. ఇద్దరూ కలిసి వంగారు.

నీళ్ళు గట్టెక్కాయి.

మళ్ళకి పారే పిల్లకాలవ, బోదె, రెండుగా చీలేచోట ఆగాయి. ఇటు కొసోడి మడి, అటు ఎర్రన్న మడి. ఒక్క పార మన్ను అడ్డం వేస్తే నీళ్ళు ఎటంటే అటే. కానీ పార పట్టాలంటే తాడు వదలాలి. తాడు వదిలితే నీళ్ళే లేవు.

నీరు పల్లమెరుగు. కొస పొలమే పల్లం.

నీళ్ళు అప్పలసూరి మడిలోకి దిగాయి. ఎన్నడూ ముందు తడవని మడి... ముందు తడిసింది.

ఎర్రన్న అటే చూస్తున్నాడు.

అప్పలసూరికి భయమేసింది, ఎర్రన్న తాళ్ళు వదిలేస్తాడేమోనని. "నీ మడికీ..." అనబోయాడు.

గూడ మళ్ళీ కిందికి దిగింది, నిండింది. అప్పలసూరి మోకాళ్ళు వంచి, అవతలివైపు లాగుడు కోసం చూస్తూ ఉన్నాడు.