అత్తయ్య పడుకున్న గడప

"పిండి ఎక్కువ కలుపు, చుట్టాలొస్తారు," అంది అత్తయ్య పొద్దున్నే. ఎవరొస్తారని నేనడగలేదు. ఈ ఇంట్లో కోడలు అడగదు, కలుపుతుంది. బోర్సోక్ ముక్కలు కోసి నూనెలో వేయిస్తూ, మధ్యమధ్య అందరికీ టీ పోస్తూ ఉండగా మధ్యాహ్నం వాకిట్లో కారు ఆగింది. మరిదీ, వాడి స్నేహితులూ ఒక అమ్మాయిని కాళ్ళూ చేతులూ పట్టుకుని మోసుకొచ్చారు. ఆమె బూటు ఒకటి మంచులోనే ఉండిపోయింది. నేను పొద్దుట్నుంచీ వండుతున్నది పెళ్ళి విందని అప్పుడర్థమైంది.

పేరు మీరిమ్. నారిన్ పట్నంలో మందుల షాపులో పనిచేస్తుంది. మరిది మాత్రలు కొనడానికి వెళ్ళి చూశాడట. ఆ పిల్ల వీడికి పూటకెన్ని వేసుకోవాలో తప్ప ఇంకేం చెప్పి ఉండదు. మూలన తెర కట్టి వెనక కూర్చోబెట్టి, మగాళ్ళు గొర్రెను కొయ్యడానికి పెరట్లోకి పోయారు.

"తలకి రుమాలు కట్టేయవే అనార్‌కుల్," అంది అత్తయ్య. "నీ మాటైతే వింటుంది. నువ్వూ ఇలాగే వచ్చావుగా."

ఆ తెల్ల రుమాలు నాకు బాగా తెలుసు. దాన్ని కట్టించుకుంటే పెళ్ళికి ఒప్పుకున్నట్టే. నన్ను ఎత్తుకొచ్చిన రోజున నేను పీకి పారేసిన కొద్దీ అత్తయ్య మళ్ళీ కట్టింది. "ఏడవని ఆడదెవరే? నేనేడవలేదా, మా అత్త ఏడవలేదా? మనిషి పుట్టుక పుట్టాక ఏడుపు తప్పుతుందా?" అంది. చివరికి నా చేతులు అలిసిపోయాయి. దాన్నే వీళ్ళు ఒప్పుకోవడం అన్నారు. మా ఆయన ఇప్పటికీ నలుగురిలో చెప్పి నవ్విస్తాడు: "ఆ రోజు నన్ను కరిచింది. ఇప్పుడు నా సాక్సులు పొయ్యి దగ్గర వేడిచేసి పెడుతోంది." అందరూ నవ్వుతారు. నేను టీ పోస్తాను.

నాకు పుట్టిన ఒక్క పిల్లా జ్వరంతో పోయింది. మంచు పడి ఆస్పత్రి దారి మూసుకుపోయింది. ఆ రాత్రంతా అత్తయ్య నా పక్కనే కూర్చుని ఏడ్చింది. ఆవిడ చెడ్డది కాదు. మంచు పడకుండా ఎవరాపగలరు, ఆ దుఃఖం తప్పనిదేనని ఎలాగో మింగాను. కానీ తెర వెనక ఏడుపు ఆకాశం నుంచి పడింది కాదు. దీనికి కారు కావాలి, పట్టుకోవడానికి మగాళ్ళు కావాలి, రుమాలు కావాలి. వేయించడానికి పిండి కావాలి. ఆ పిండి నేనే కలిపాను.

"నన్ను పంపించెయ్ అక్కా," అంది మీరిమ్. "మా అమ్మ ఒక్కతే ఎదురుచూస్తుంటుంది."

రుమాలు మడిచి పక్కన పెట్టి ఆమె చెయ్యి పట్టుకుని గుమ్మం వైపు నడిచాను. అత్తయ్య చూసింది. టీ గిన్నె కింద పెట్టి, మెల్లగా వెళ్ళి గడపకి అడ్డంగా పడుకుంది. నా రోజున ఆవిడ అత్తగారూ ఇలాగే పడుకుంది. పెద్దవాళ్ళను దాటిన ఆడదానికి శాపం తగులుతుందని ఇక్కడ అందరి నమ్మకం. ఆ రోజు నేను అక్కడే ఆగిపోయాను. ఇప్పుడు మీరిమ్ కూడా ఆగిపోయింది.

"దాటమను చూద్దాం," అంది అత్తయ్య పైకప్పు వంక చూస్తూ. "దాని కడుపున పిల్లలు నిలవరు."

"నేను దాటలేదుగా అత్తయ్యా," అన్నాను. "నా పిల్ల నిలిచిందా?"

ఆవిడ కళ్ళు మూసుకుంది. సాయంత్రానికి ఈ ఇంట్లో నాకు చోటుండదు, తెలుసు. మా ఆయన చెయ్యి ఎంత బరువో కూడా తెలుసు. ఆవిడ నడుం మీదుగా ముందు నేనే కాలేసి, అవతల మంచులో సాక్సులతో నిలబడి, గుమ్మం పక్కనున్న నా బూట్లు ఆ పిల్లకి అందించాను.