చిట్టమ్మ ముఖం

మనిషి ఎక్కడి నుంచి వచ్చాడో కనిపెట్టడం యూనివర్సిటీలో మా మానవశాస్త్ర శాఖ పని. ఒకప్పుడు దానికి కొలతబద్దలు పట్టుకుని పల్లెల మీద పడేవారు. ముక్కులు కొలిచి, ముఖాలకు ప్లాస్టర్ పూసి అచ్చులు తీసి, కింద జాతి పేరు రాసేవారు. ఇప్పుడైతే కాస్త ఉమ్మి చాలు. లోకంలో ఎవరి తల్లి వేరు తవ్వినా ఆఫ్రికాలో ఒక్క ఆడదాని దగ్గరికే పోతుందని చెప్పేస్తాం. జాతుల కొలతలు తప్పని తేలాక, చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు మాకు సిగ్గు వచ్చింది. బీరువాలోని ఆ ముఖాలను పెట్టెల్లో సర్ది మేకులు కొట్టించమని ప్రొఫెసర్ శ్రీరామ్మూర్తిగారు మ్యూజియం చూసుకునే నాకు చెప్పారు.

ఆ సంగతులన్నీ వన్‌టౌన్‌లో మా ఇంటి గుమ్మం దగ్గర అమ్మతో చెబుతుంటే, పొలుసు తీస్తున్న అసిరమ్మ కత్తి ఆపింది. నా చిన్నప్పటి నుంచీ మాకు చేపలు తెచ్చేది ఆమే.

"ఏటి షాహీనా పాపా, సున్నం ముకాలా? మా పేట ఆడోల్లయి ఉన్నాయేటి?"

"మూడున్నాయి మామ్మా."

"ఓలమ్మో! అందులో మాయమ్మ ఉంటాదే."

అసిరమ్మ చంటిపిల్లగా ఉన్నప్పుడే వాళ్లమ్మ చిట్టమ్మ జ్వరంతో పోయింది. ఒక్క ఫొటో అయినా లేదు. ఉన్నదల్లా తండ్రి చెప్పిన మాటే.

"బాబులు వొచ్చి ఇసకలో పడుకోబెట్టినారంట. ముక్కులో గొట్టాలెట్టి ముకమంతా సున్నం పూసీసినారంట. ఊపిరాడక బయపడిపోయి మా అయ్య సెయ్యి ఒగ్గలేదంట. ముకం నిండా అమ్మోరు పోసిన మచ్చలు, కుడిబుగ్గ మీద మరీ లోతంట. నాను పోల్సీగలను పాపా. ఒక్కపాలి సూపించు."

మర్నాడు పొద్దున్నే వచ్చింది. సింహాచలం వెళ్లేటప్పుడు తప్ప కట్టని చీర కట్టుకుంది. కొంగున పసుపు, కుంకుమ పొట్లాలు ముడి వేసుకుంది. మూడు ముఖాలూ బల్ల మీద పెట్టాను. మూడూ కళ్లు మూసుకునే ఉన్నాయి. మూడింటి కిందా ఒకటే మాట: బెస్త స్త్రీ.

అసిరమ్మ ఒక్కో కుడిబుగ్గనూ వేలితో తడిమింది. నున్నగా ఉంది. రెండోదీ నున్నగానే ఉంది. మూడోదీ అంతే. మళ్లీ మొదటికి వచ్చింది.

నేను ప్రొఫెసర్‌గారిని పిలుచుకొచ్చాను. ఆయన తల దించుకుని చెప్పారు. "మచ్చలు జాతి లక్షణం కాదని, అచ్చు ఆరాక గుంటలన్నీ పూడ్చేసేవారమ్మా. ముక్కుపుడకలు కూడా ముందే తీయించేవారు."

నాకు ఒళ్లు మండిపోయింది. మనిషిని వెతకడానికి వెళ్లి, మనిషి గుర్తులన్నీ చెరిపేసి వచ్చారన్నమాట! ఈయన్ని అని ఏం లాభం, అప్పటికి ఈయన పలక పట్టాడో లేదో.

"పోనీ నా నెత్తురు తీసి సూడండి బాబూ. దాన్ని బట్టి పోల్సలేరా?"

"ప్లాస్టర్‌లో నెత్తురు ఉండదు కదమ్మా."

"లోకానికంతటికీ తల్లి దొరికిందని పాప సెప్పింది. మరి నా తల్లి ఎవలో తెల్దా?"

కోపంగా కూడా అడగలేదు. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుంటూ వెళ్లిపోయారు.

అసిరమ్మ పొట్లాలు విప్పి మూడు ముఖాలకూ పసుపు రాసి బొట్టు పెట్టింది. నాకు దుఃఖం ఆగలేదు. రూల్సు గంగలో కలవనీ అనుకున్నాను.

"ఒకటి తీసుకెళ్లిపో మామ్మా. నాను సూసుకుంటాను," అన్నాను ఆమె యాసలోనే.

నడిమిది ఒళ్లోకి తీసుకుంది. చెంగుతో దాని నుదురు ఒత్తింది. మళ్లీ బల్ల మీద పెట్టేసింది.

"వొద్దులే పాపా. ఇది మాయమ్మ కాకపోతే? కూతురు వొచ్చి, తన కళ్లెదురుగానే ఇంకెవల్నో అమ్మా అని ఎత్తుకెల్లిపోయిందని ఏడవదేటి?"

గుమ్మం దాకా వెళ్లింది. అక్కడ పెట్టె మీద సుత్తి, మేకులు చూసి ఆగిపోయింది.

"మూత బిగించీకే. మాయమ్మకి ఊపిరాడదు."

మేకులు ఇంకా కొట్టించలేదు. కనపడినప్పుడల్లా ప్రొఫెసర్‌గారు అడుగుతున్నారు. రేపు సార్, అంటున్నాను.