చుట్టాల చొక్కా

వంతెన కొట్టుకుపోయిన వరద వచ్చింది చూడండి, ఆ యేటి సంగతి ఇది. నీళ్ళు తీసి ఇంకా నెల తిరగలేదు. గోడలకి నడుమెత్తున బురద చార అలాగే ఉంది.

కొట్టం మనిషి పొయ్యి ముందు గొంతుక్కూర్చుని పాలు కాస్తున్నాడు. కాచి, చల్లార్చి, సీసాలో పోసి, ముంజేతి మీద ఒక చుక్క వేసుకుని చూశాడు. చురుక్కుమంది. సీసాని నీళ్ళ చెంబులో నిలబెట్టి ఆగాడు. పొట్టి మనిషి. ఒక భుజం కిందికి జారి ఉంటుంది. మూడో తరగతిలో బడి మానేసిన దగ్గర్నుంచి ఇటుక బట్టీల్లో గాడిదల వెంట నడిచి, వాటితో సమానంగా మోసిన భుజం అది. లారీలు వచ్చాయి, గాడిదలు పోయాయి, వాటితోపాటే ఆయన పనీ పోయింది. భార్యకి పిల్లల ఆశ్రమంలో వంటపని దొరికితే ఆమె వెనకే వచ్చి, పెరట్లోని జంతువుల కొట్టంలో కుదిరాడు. మూడు కాళ్ళ కుక్కలు, గుడ్డి మేక, ఎవరో వదిలేసిన ముసలి గుర్రం. వాటి మధ్య ఆయనకి మాటల అవసరం పెద్దగా పడలేదు. ఆశ్రమం పిల్లలు ఆయన్ని మూగతాత అంటారు. ఇద్దరి వాటా మాటలూ వంటామే మాట్లాడేస్తుంది.

ఆశ్రమానికి దూరదేశాల నుంచి మనుషులు వస్తుంటారు. రెండు వారాలుంటారు. పిల్లల్ని ఎత్తుకుంటారు, కుక్కలకి నీళ్ళు పోస్తారు, గోడలకి రంగు వేస్తారు, వెళ్ళిపోతారు. దానికి తామే ఎదురు డబ్బు కడతారు. వాళ్ళు వచ్చిన మొదటి యేడు వంటామె ముక్కున వేలేసుకుంది. "చాకిరీ చేసి డబ్బిచ్చే చుట్టాల్ని నా జన్మలో చూడలేదు. మా అత్తారింట్లో చాకిరీ చేసినన్నాళ్ళూ నన్నెవరూ కట్టమనలేదు, అదే పదివేలు," అంది. అప్పట్నుంచి వాళ్ళకి చుట్టాలనే పేరు ఖాయమైంది.

వంతెన పోయిందని తెలిసి ఈ విడత చుట్టాలంతా మానుకున్నారు. ఒక్కామె మాత్రం పడవ దాటి, మోకాళ్ళ దాకా బురదతో వచ్చింది. నలభై దాటిన మనిషి. తన ఊళ్ళో బట్టలు ఉతికి ఇస్త్రీ చేసే కొట్లో పని. ఇలాంటి చోటికి వెళ్ళాలని ఏళ్ళ తరబడి వెతికిందట. అన్నీ కలవాళ్ళకి తగ్గవే దొరికాయట. తన శక్తికి అందింది ఇదొక్కటే. ఇదంతా మేనేజరమ్మ చెబితే తెలిసింది. ఆశ్రమంలో చుట్టాల భాష వచ్చింది ఆవిడకే. వచ్చిన రోజే ఆ చుట్టం పిల్లల చొక్కాలన్నీ ఇస్త్రీ చేసిపెట్టింది కనక పిల్లలు ఆమెని ఇస్త్రీ అత్త అన్నారు.

వరదలో తల్లి కొట్టుకుపోయిన గాడిదపిల్ల ఒకటి అప్పటికే కొట్టంలో ఉంది. చెవులు తప్ప ఒంట్లో ఏమీ లేని పిల్ల. కొట్టం మనిషి సీసా పెడితే మూతి తిప్పుకునేది. గాడిదల మధ్య పుట్టి పెరిగినంత వాడికీ లొంగలేదు. ఇస్త్రీ అత్త దాన్ని ఒళ్ళో వేసుకుని ఏదో పాట కూనిరాగం తీస్తూ కూర్చుంది. పొద్దెక్కేసరికి పిల్ల తాగింది. ఇక ఆ మనిషి తప్ప ఇంకో మనిషి అక్కర్లేదు దానికి. ఆమె స్నానానికి వెళ్తే తలుపు దగ్గర నిలబడి అరిచేది.

ఇవాళ ఆమె వెళ్ళిపోతోంది.

ఇలాంటివాటికి కొట్టం మనిషి దగ్గర ఒక ఉపాయం ఉంది. ఆయన కనిపెట్టింది కాదు. తన తల్లి పోయినప్పుడు పాలు ముట్టని తమ్ముడికి పిన్ని, తల్లి విడిచిన బట్ట కప్పుకుని పాలు పట్టింది. అది చూసినవాడు. అందుకని వెళ్ళే చుట్టం ఒంటి మీది చొక్కా ఒకటి వదిలి వెళ్ళాలి. ఆయన దాన్ని తొడుక్కుని పాలు పడతాడు. కుక్కపిల్లలకి, మేకపిల్లకి, ఒకసారి కోతిపిల్లకి కూడా పనిచేసింది. పూలపూల చొక్కాలో, ఆడవాళ్ళ చొక్కాలో ఆయన్ని చూసి పిల్లలు పడిపడి నవ్వేవారు.

నిన్న మేనేజరమ్మ దగ్గరికి వెళ్ళి తలుపు పక్కన నిలబడ్డాడు.

"ఏంటి బాబాయ్?"

"చొక్కా అడగాలమ్మా."

"అబ్బ, అదొకటి ఉంది కదూ. చెబుతాలే."

చెప్పింది కూడా. ఇస్త్రీ అత్త ఆయన వైపు తిరిగి, గుండె మీద చెయ్యి వేసుకుని తల వంచింది.

సీసా వేడి తగ్గింది. ఇస్త్రీ అత్త వచ్చి కడసారి పాలు పట్టింది. పిల్ల తోక ఆడిస్తూ సీసా పీక గుంజుతుంటే, ఆమె దాని చెవుల మధ్య గెడ్డం ఆనించి కళ్ళు మూసుకుంది. తర్వాత సంచిలోంచి ఒక పొట్లం తీసి రెండు చేతులా ఆయనకి ఇచ్చింది. ఆయనా రెండు చేతులా అందుకున్నాడు.

గేటు దగ్గర పిల్లలు వరసగా నిలబడ్డారు. పెద్దపిల్లలు చెయ్యి ఊపి ఆటల్లోకి పోయారు, వాళ్ళకి అలవాటే. అందరికన్నా చిన్నది ఆమె వేలు పట్టుకుని వదల్లేదు. వంటామె ఒక్కొక్క వేలూ విడదీసింది. బండి రేవు వైపు తిరిగి మలుపు దాటింది. చిన్నది ఏడవలేదు. ఆ మలుపునే చూస్తూ మట్టిలో కూర్చుంది.

"నీ గాడిదపిల్లకి చొక్కా ఉందయ్యా," అంది వంటామె మొగుడితో. "దీనికి నన్నేం తొడుక్కోమంటావు?"

ఆయన పొట్లం పట్టుకుని కొట్టం వైపు నడిచాడు.

మళ్ళీ పాల వేళకి పొట్లం విప్పాడు. నీలం చొక్కా. మడత మీద మడత, అంచుకి అంచు, కాలరు నిలబడి ఉంది. చిరిగిన జేబుకి కొత్త దారంతో కుట్టు పడింది. సబ్బు వాసన గుప్పుమంది.

ఆయన చొక్కా ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. చంకల దగ్గర చూశాడు. చేతుల దగ్గర చూశాడు. సబ్బే.

ఇన్నేళ్ళలో ఏ చుట్టమూ చొక్కా ఉతికి ఇవ్వలేదు. విడిచి మంచం మీద పారేసి పోయేవాళ్ళే అందరూ. అందుకే ఉతకొద్దని చెప్పాలని ఆయనకీ తట్టలేదు, మేనేజరమ్మకీ తట్టలేదు. ఈమె పెద్దాయనకి ఇచ్చే బట్ట అనుకుంది. ఒకరి చేతికి మాసిన బట్ట ఇచ్చే మనిషి కాదు. బతుకంతా చేసిన పనే చేసి ఇచ్చింది.

అయినా తొడుక్కున్నాడు. కొట్టంలో కూర్చుని పిల్లని దగ్గరికి లాక్కున్నాడు. అది చొక్కాని మూచూసింది. ముందు చెయ్యి, తర్వాత మెడ. చెవులు వెనక్కి వాల్చి తలుపు వైపు తిరిగి అరిచింది. పీక నోట్లో పెడితే పాలు పక్కనుంచి కారిపోయాయి. ఆమె తీసే పాట గుర్తు చేసుకుని తీయబోయాడు. ఆ గొంతులో పాట ఎప్పుడూ లేదు. పిల్ల బెదిరి గోడకి అంటుకుపోయింది.

వంటామె వచ్చి చూసి నోరు నొక్కుకుంది. "గడ్డిలో పొర్లించి తొడుక్కోవయ్యా," అంది. పొర్లించాడు. గడ్డి వాసన వచ్చింది. ఆమె వాసన ఎక్కణ్ణుంచి వస్తుంది? మంచం మీది దుప్పటి కోసం వంటామె గబగబా వెళ్ళి, ఉత్త చేతులతో వచ్చింది. దుప్పటీ గలీబూ రెండూ పొద్దున్నే ఉతికి తీగ మీద ఆరేసి పోయింది ఆ మహాతల్లి.

"ఇంత శుభ్రం ఎవరు నేర్పారమ్మా నీకు," అని తీగ వైపు చూసి అంది వంటామె. తిట్టులా అనబోయింది గాని తిట్టులా రాలేదు.

మేనేజరమ్మ ఇస్త్రీ అత్తకి ఫోన్ చేసింది. పలకలేదు. "పడవలో ఉందో, రైలెక్కిందో. అందినా ఏం చెయ్యగలదు బాబాయ్, తిరిగొస్తుందా?" అంది.

పశువుల డాక్టరు రేవు దాటి సాయంత్రానికి వచ్చాడు. గొట్టం వేసి పాలు పంపాడు. సగం నిలిచింది, సగం కక్కింది. వరద నీళ్ళు మింగిన పిల్ల, పేగులు మొదటే పాడయ్యాయి, ఒక్క పూట తప్పినా ఓర్చుకోదు అన్నాడు. "ఇన్నాళ్ళు తాగడమే గొప్ప. నీ తప్పేం లేదు, పెద్దాయనా." సంచి సర్దుకుని పడవ వేళ అయిందని వెళ్ళాడు.

దీపాలు పెట్టే వేళకి అరుపు ఆగింది. కొట్టం మనిషి దాని తల ఒళ్ళో పెట్టుకుని చెవి నిమురుతూ ఉన్నాడు. చెవి కొస చల్లబడింది. తర్వాత మొదలు. మొదలు చల్లబడ్డాక కూడా నిమురుతూనే ఉన్నాడు. వంటామె పళ్ళెంలో అన్నం తెచ్చి పక్కన పెట్టి, ఏమీ అనకుండా తనూ కూర్చుంది. ఆమె ఏమీ అనకపోవడం ఆయన ఎరగడు.

మర్నాడు పొద్దున్నే ముసలి గుర్రం పాక వెనక గొయ్యి తీసి పూడ్చాడు. చేతులు కడుక్కుని, చీపురు తీసుకుని చుట్టాల గదికి వెళ్ళాడు. కొత్త విడత వాళ్ళు రేవు దాటారని మేనేజరమ్మ కబురు పంపింది. మంచం కింద ఊడ్చాడు. కిటికీ తుడిచాడు. తలుపు మూల ఊడవడానికి దాన్ని ముందుకి లాగాడు.

తలుపు వెనక మేకుకి ఒక స్వెట్టరు ఉంది. ముతక ఊలు. పడుకునేటప్పుడు వేసుకునేది కాబోలు, తెల్లవారుజామున విడిచి తలుపు తెరిచినప్పుడు దాని చాటున పడి మరిచిపోయినట్టుంది. తలుపు ఎప్పుడూ తెరిచే ఉంటుంది, వంటామె కంట కూడా పడలేదు. ఆయన దానికి ముఖం ఆనించాడు. చెమట, పాలు, గాడిదపిల్ల.

గేటు దగ్గర బండి హారను మోగింది. పిల్లలు పరుగెత్తిన చప్పుడు. చీపురు తీసుకుని బయటికి నడిచాడు.

స్వెట్టరు మేకుకే ఉంది. మోచేతుల దగ్గర ఆమె చేతుల వంపు ఇంకా అలాగే ఉంది, దేన్నో ఒళ్ళోకి ఎత్తుకోబోతున్నట్టు.