ఖాళీ ఫేజు

నాచారంలోని ఆ గల్లీలో పొద్దుగూకితే బల్బులు వెలుగుతున్నాయో, కునుకు తీస్తున్నాయో చెప్పడం కష్టం. డెలివరీ కుర్రాళ్లు, బ్యాటరీ ఆటోల వాళ్లు ఉప్పల్ చౌరస్తా నుంచి తిరిగొచ్చి గడప ముందు బండి ఆపి ఛార్జింగ్ పెట్టేవారు. రాత్రి గిరాకీకి మళ్లీ బయలుదేరాలి కదా. ఎప్పుడో ఫ్యాన్లకీ టీవీలకీ సరిపోతుందని పెట్టిన ట్రాన్స్‌ఫార్మర్ మీద ఇప్పుడు అందరి బతుకులూ వచ్చి పడ్డాయి. పెద్దది వేస్తామని కరెంటాఫీసు వాళ్లు చెబుతూనే ఉన్నారు. చెప్పడానికి కరెంటు అక్కర్లేదు.

తారామణికి వెలుగుతో పేచీ లేదు, చీకట్లోనైనా వండగలదు. ఆమె భయమంతా ఆక్సిజన్ మిషన్ గురించే. భర్త దయాకర్ రాతిపొడి మిల్లులో పనిచేసి ఊపిరితిత్తులు పాడై మంచాన పడ్డాడు. ముక్కుకు ఆ గొట్టం ఉంటేనే మనిషి. వోల్టేజీ పడిపోతే మిషన్ కూతపెట్టి ఆగిపోయేది, స్టెబిలైజర్ కూడా చేతులెత్తేసేది. ఆమె చిన్న సిలిండర్ తగిలించి, మీటరు దగ్గరికి పరుగెత్తి ఫేజు మార్చేది. ఆ గల్లీలో ఇంటింటికీ అదే అలవాటు. స్తంభం మీంచి వచ్చే మూడు కరెంటు తీగల్లో, అంటే మూడు ఫేజుల్లో, ఏది బాగుంటే స్విచ్చు అటు తిప్పడం. ఒకరు తిప్పితే అందరూ తిప్పుతారు, కాసేపటికి అదీ కుంగుతుంది, మళ్లీ పరుగు.

ఒక సాయంత్రం ఆమె మీటరు కిందే కూలబడి ఏడ్చింది. ఎదురింటి సంతోషి చూసి పరుగున వచ్చింది. సంతోషి మొగుడిదీ బ్యాటరీ ఆటోనే.

"ఏమైందక్కా?"

"ఎన్నిసార్లని తిప్పాలె సంతోషీ? నేను తిప్పేలోపల ఆయన పానం పోయేటట్టున్నది."

సంతోషి ఊరుకునే రకం కాదు. ఇల్లిల్లూ తిరిగింది. "బండ్లు ఆగితే బువ్వ ఆగుతది, నిజమే. మిషన్ ఆగితే అన్ననే ఆగిపోతడు. ఒక ఫేజు ఆళ్లకు ఇడిసిపెడదాం" అని అందరికీ చెప్పింది. ఎవరికి వారే యమునా తీరే అన్నట్టుండే ఆ గల్లీ, విచిత్రంగా ఒక్క మాటా ఎదురు చెప్పలేదు. అందరూ స్విచ్చులు రెండు ఫేజులకే తిప్పేసి, మూడోదాన్ని దయాకర్‌కు వదిలేశారు.

ఆ తర్వాత మిషన్ కూత వినపడలేదు. దయాకర్ కంటినిండా నిద్రపోయాడు. ఎన్నాళ్లకో తారామణి తీరిగ్గా తల దువ్వుకుంది.

"గల్లోళ్ల రుణం ఎట్ల తీర్సుకుంటమే?" అన్నాడతను.

"మొదలు నువ్వు లెవ్వు. అటెంక సూద్దాం" అంది.

ఉప్పల్ స్టేడియంలో మ్యాచ్ ఉన్న రోజు, ఆ గిరాకీ కోసం బండ్లన్నీ ముందుగానే ఛార్జింగ్‌కు చేరాయి. ఉన్నట్టుండి గల్లీ అంతా మసకబారింది. తారామణి ఇల్లొక్కటే పెళ్లిల్లులా వెలిగిపోయింది. ఫ్యాను గింగిరాలు తిరిగింది. బల్బు పేలింది, స్టెబిలైజర్ మాడింది, మిషన్‌లోంచి పొగ వచ్చింది. వాడివాడి అడుగంటిన సిలిండర్ తగిలించి, సంతోషి మొగుడి ఆటోలో దవాఖానాకు బయలుదేరారు. ఉప్పల్ ట్రాఫిక్‌లోనే దయాకర్ ఆమె చెయ్యి వదిలేశాడు.

మర్నాడు శవం వాకిట్లో ఉండగా, స్తంభం మీద రిపేరు ముగించిన లైన్‌మన్ మీటరు చూడటానికి గుమ్మం దగ్గరికి వచ్చాడు.

"ఈ ఫేజు మీద లోడే లేదేందమ్మా?"

"అందరు గల్సి ఇడిసిపెట్టిన్రు. ఆయన మిషన్ కోసం."

అతను తల పట్టుకున్నాడు. "గదే కొంప ముంచింది. రెండిటి మీదనే బరువేస్తే, అందరిండ్ల కరెంటు తిరిగిపోయే న్యూట్రల్ వైరు కాలి తెగిపోయింది. అది తెగితే ఖాళీగున్న ఫేజు మీదికి వోల్టేజీ ఎగబాకుతది."

వాకిట్లోకి ఒకసారి చూసి, పనిముట్ల సంచి భుజాన వేసుకుని వెళ్లిపోయాడు.

తారామణికి ఒళ్లు మండింది. గల్లీ మధ్యలో నిలబడి అందరినీ తిట్టాలనిపించింది. ఎవరిని తిడుతుంది? ఏడ్చింది తను. ఇచ్చింది వాళ్లు. చావు జరిగిన ఇంట్లో పొయ్యి వెలగదని సంతోషి చాయ్ పట్టుకొచ్చి పక్కన కూర్చుంది. ఏడ్చి ఏడ్చి ఆమె కళ్లు కూడా వాచిపోయాయి.

"అక్కా, ఆ ఫేజు జోలికి ఎవ్వరం పోలే. ఒట్టు. మరి మిషన్ ఎట్ల కాలిందే?"

తారామణి చాయ్ గ్లాసు అందుకుంది.

"పాత మిషన్ గద" అంది. "ఇగ ఆ ఫేజు గూడ మీరే వాడుకోన్రి."