నా గడ్డం కింద పదకొండు వెంట్రుకలు

నా గడ్డం కింద పదకొండు వెంట్రుకలున్నాయి. లెక్క కచ్చితం, మొలిచినప్పుడల్లా పట్టకారుతో పీకేదాన్ని నేనే కదా. డిగ్రీ మూడేళ్ళూ వెనక బెంచీ వాళ్ళు నన్ను "మీసాలక్కా" అని పిలిచారు. ఒక్కొక్కడి పళ్ళు రాలగొట్టాలనిపించేది. వచ్చే నెల కావలిలో అదే కాలేజీలో పీజీలో చేరాలి. ఆ లోపు లేజర్‌తో వీటి అంతు చూడకపోతే నా పేరు ప్రత్యూషే కాదనుకున్నాను.

ఆసుపత్రికి తోడుగా మా మేనత్త పోలేరమ్మ వచ్చింది. బోగోలు దగ్గర సముద్రం ఒడ్డున మా పల్లెలో ఆమెది ఎండుచేపల పని, ఇసకలో పరిచి తిప్పుతూ ఎండబెట్టడం. ఆమెతోపాటు నాదీ అదే. ఈ సంగతి డాక్టరు ముందు బయటపడితే నా పరువేం కాను? "అక్కడ నువ్వు నోరు తెరవొద్దత్తా" అని బస్సులోనే గట్టిగా చెప్పాను. ఆమె తలూపింది. నేను నమ్మాను, అదీ నా తెలివి.

డాక్టరు రేవతి గారు ముందు పట్టకారు సంగతి అడిగి మందలించారు. "పీకితే కుదుళ్ళే ఉండవు, ఇక లేజర్ దేని మీద పనిచేస్తుంది? పీకొద్దు, గీసుకోండి." తర్వాత ఎండలో తిరుగుతారా అని అడిగారు.

"అస్సలు లేదు మేడం. ఎప్పుడూ ఇంట్లోనే కూర్చునుంటాను" అన్నాను. ముఖానికి పౌడరు దట్టంగా పట్టించాను కనుక ధీమాగానే అన్నాను.

మా వాళ్ళలో ఇంట్లో కూర్చునే పిల్లంటే పని రాని పిల్లని అర్థం. అత్తకు రోషం వచ్చేసింది.

"ఏంది మే, ఇంట్లో కూర్చుంటావా నువ్వు? అంతా అబద్ధం డాక్టరమ్మా! పొద్దున్నే ఇసకలో కాలు పెడితే మద్దేనం దాకా చేపలు తిప్పేది ఈ పిల్లే. ఇంత చురుగ్గా తిప్పేది మా పల్లెలో ఇంకొకరు లేరు!"

నాకు ఆమె నోరు మూసేయాలనిపించింది. డాక్టరు గారు తడి దూదితో నా గడ్డం తుడిచి, కమిలిన చర్మం చూసి, తల అడ్డంగా ఊపారు.

"లేజర్ నలుపును వెతుక్కుంటుందమ్మా. వెంట్రుక నలుపేదో, ఎండకు కమిలిన చర్మం నలుపేదో దానికి తెలియదు. ఇప్పుడు చేస్తే చర్మం కాలి మచ్చలు పడొచ్చు. రెండు నెలలు ఎండకు దూరంగా ఉండండి. అప్పుడు చిన్న చోట చేసి చూసి, మొదలుపెడదాం. ఆరేడుసార్లు రావాలి."

అంటే పీకే దారీ లేదు, పదకొండు వెంట్రుకలతోనే కాలేజీకి. నాకు ఏడుపొచ్చింది.

"రెండు నెల్లు నేనొక్కదాన్నే తిప్పుకుంటాలే, నువ్వు నీడన కూర్చో" అంది అత్త. ఆపైన కాస్త సిగ్గుపడుతూ తన గడ్డం ముందుకు చాపింది. "నాయి గూడా పోతాయా డాక్టరమ్మా?"

"తెల్లబడ్డాయి కదమ్మా, తెల్లవాటి మీద లేజర్ పనిచేయదు."

"నల్లంగా ఉండేటప్పుడు మీరు యాడుంటిరి తల్లీ!" అని అత్త పకపకా నవ్వింది. ఇన్నేళ్ళూ ఆమె పక్కనే కూర్చుని చేపలు తిప్పాను, ఆ గడ్డం గురించి ఒక్కసారీ ఆలోచించలేదు. నా మీద నాకే కోపం వచ్చింది.

తిరుగు బస్సులో అడిగాను. "అత్తా, నిన్ను కూడా ఏడిపించినారా?"

"పల్లె పల్లంతా ఏడిపించినారు. మీ మామ ఒక్కడే ఏమీ అనలా. అందుకే గదా ఆయన్ని చేసుకునింది."