డిస్కులో నాయన చోటు

పలమనేరులో మునికుమార్ రోజూ తొమ్మిదికి కంప్యూటర్ సెంటర్ తెరిచి, ఊడ్చి, సాంబ్రాణి వేసి, ఈగలు తోలుకుంటూ కూర్చునేవాడు. బోర్డు మీద రంగురంగుల బొమ్మలు వేయించాడు గానీ, లోపల ఉన్నది నల్లటి తెర, తెల్లటి అక్షరాలు. పిల్లలు తొంగి చూసి, పక్కవీధి సెంటర్‌లో చేరేవాళ్ళు.

ఆ నల్లతెరలో అతని నాయన మునస్వామి ఉండేవాడు. పోయి మూడేళ్ళయింది. బతికినన్నాళ్ళూ పాలడెయిరీలో వేలిముద్ర వేసిన మనిషి, పోయాక ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు రాసి కొడుకును తిట్టేవాడు. ఎనుము ఎప్పుడు ఈనుతుందో ఆయన్ని అడగడానికి ఊరంతా వచ్చేది. కోర్సులో మాత్రం ఒక్కరూ చేరలేదు.

ఆదివారంలోగా తెర మీద బొమ్మలు రాకపోతే సెంటర్ మూసి, ఇద్దరమూ మామిడిగుజ్జు ఫ్యాక్టరీకి పోదామని భార్య భానుశ్రీ తేల్చేసింది. ఆమె మాటకు ఆ ఇంట్లో అప్పీలు లేదు.

ఆదివారం పొద్దున మునికుమార్ లైనక్స్ సీడీ పెట్టాడు. ఏయే ప్యాకేజీలు కావాలో చుక్క పెట్టమని జాబితా వచ్చింది. తెర మీద బొమ్మలు చూపే కేడీఈకి పెడితే డిస్కులో చోటు చాలదంది. దాని బదులు గ్నోమ్‌కు పెట్టినా అదే మాట. ఆటలు తీసేశాడు. ప్రింటరుది తీసేశాడు, ప్రింటరు ఎటూ లేదు. అయినా చాలలేదు. జాబితా అడుగుదాకా దిగితే, ఆఖరి వరుసలో చుక్క పక్కన ‘నాయన’ అని ఉంది.

మునికుమార్ కీబోర్డు మీంచి చెయ్యి తీసేశాడు.

"తీసేయ్‌రా," అని తెర మీద పడింది.

"నువ్వు యాడికి పోతావు నాయనా?"

"క్యాను నిండినాక పోసిన పాలు యాడికి పోతాయో ఆడికే. కోడలు ఫ్యాక్టరీలో నిలబడి కాయలు కొయ్యాల్నా?"

మునికుమార్ కీబోర్డు ముట్టలేదు. చుక్క దానంతటదే చెరిగింది.

తర్వాత కంప్యూటర్ లోపలి, తెరకు బొమ్మలు పంపే డిస్‌ప్లే కార్డు పేరేమిటని అడిగింది. మూత తీస్తే పేరున్న చోట ఎండిన గంధం. ఆయుధపూజ నాడు బయట బొట్టు చాలదని కార్డుకు కూడా పూసిన భక్తుడు అతనే. గోకితే పాపమని, ఏదో పేరు ఊహించి ఎంచాడు.

బొమ్మలు రాలేదు. మళ్ళీ అదే నల్లతెర, మినుకుమనే గీత. ‘నాయనా’ అని కొట్టాడు. అలాంటి కమాండ్ ఏదీ లేదని వచ్చింది.

అప్పుడే ఎదురింటి కుప్పయ్య గడపలో నిలబడి, తన ఎనుము సంగతి మీ నాయన ఏమంటాడని అడిగాడు.

మునికుమార్ తెర వైపే చూస్తూ అన్నాడు, "బేస్తవారం పొద్దున ఈనుతాదంట. పెయ్యదూడంట."

సోమవారం మొగుడూ పెళ్ళామూ ఫ్యాక్టరీ బస్సెక్కారు.

బేస్తవారం పొద్దున ఎనుము ఈనింది, పెయ్యదూడే. చెప్పిపోదామని కుప్పయ్య సెంటర్ దాకా వచ్చి, తాళం చూసి వెనక్కి పోయాడు.