రాములమ్మ గిల్లిన మొగ్గలు

రాములమ్మ చేతిలో ఒక్క మొక్క కూడా చచ్చింది లేదు. చౌడేపల్లె టమాటా తోటల్లో ముప్పయ్యేళ్లు కూలి చేసిన చెయ్యి అది. అందుకే కోడలు మమత రెండు నెలల డ్యూటీ మీద కుప్పం ఆసుపత్రికి వెళ్తూ తన అజేలియా బోన్సాయ్‌ని ఎట్లా చూసుకోవాలో చెబుతుంటే ఆమెకు లోపల నవ్వొచ్చింది. జానెడు చెట్టు, పళ్లెమంత తొట్టి. దానికి మిద్దె మీద డ్రమ్ములో పట్టిన వాన నీళ్లే పోయాలట. మదనపల్లెలో అందరూ వాడుకునే బోరు నీళ్లు ఈ దొరసానికి పడవు కాబోలు అనుకుంది.

మమతకు మాత్రం ఆ చెట్టంటే ప్రాణం. మూడేళ్లు కొమ్మలకు తీగ చుట్టి, వంచి, దానికి పెద్ద చెట్టు రూపం తెచ్చింది. ఈ ఏడే మొదటిసారి మొగ్గ తొడిగింది.

ఆమె వెళ్లిన వారానికి డ్రమ్ములో దోమపిల్లలు కనిపించాయి. రాములమ్మ నీళ్లన్నీ పారబోసి, డ్రమ్మును పీచుతో రుద్ది కడిగి బోర్లించింది. కోడలు మెచ్చుకుంటుందనే చేసింది, పాపం. ఆనాటి నుంచి బోరు నీళ్లే పోసింది. నెల తిరిగేసరికి ఆకులు పసుపు తేలాయి, ఈనెలు మాత్రమే పచ్చగా మిగిలాయి.

ఆమెకు అన్నం సయించలేదు. రెండాకులు తెంచి కొంగున కట్టుకుని, మమత ఆ మొక్కను కొన్న జిలాన్ నర్సరీకి పుంగనూరు బస్సెక్కింది. జిలాన్ ఆకులు చూసి, ఏ నీళ్లు పోస్తున్నారని అడిగాడు.

"మన బోరు నీళ్లల్లో సున్నం ఉండాదమ్మా. దీనికి సున్నం పడదు."

వాన నీళ్లు రెండు క్యాన్లు ఇచ్చి ఇంకో మాట కూడా చెప్పాడు. ఉన్న కాస్త బలం పూలకే పోతే చెట్టు నిలవదు, మొగ్గలన్నీ గిల్లేయాలి.

తిరుగు బస్సులో క్యాన్లు కాళ్ల దగ్గర పెట్టుకుని రాములమ్మ ఆలోచనలో పడింది. మమత రావడానికి ఇంకా మూడు వారాలుంది. ఊరుకుంటే ఆపాటికి పూలు విచ్చుకుంటాయి, పిల్ల మురిసిపోతుంది. తర్వాత చెట్టు చచ్చినా డ్రమ్ము సంగతి ఎవరికీ తెలియదు. ఈ ఆలోచన వచ్చినందుకు ఆమెకు తన మీద తనకే రోత పుట్టింది.

ఇంటికి రాగానే చెట్టు ముందు కూర్చుని, మొగ్గలు ఒక్కొక్కటే గిల్లి గుడ్డలో మూటగట్టింది. కొనన ఉన్న ఒక్క మొగ్గకు మాత్రం చెయ్యి రాలేదు. మూడేళ్లు ఎదురుచూసిన పిల్ల ఒక్క పువ్వయినా చూడొద్దా?

మమత వచ్చిన రోజు సంచి దించి, నేరుగా మిద్దె ఎక్కింది. వెనకే వెళ్లిన రాములమ్మ గుడ్డ విప్పి ఎండిన మొగ్గలు చూపించింది.

"డ్రమ్ము నీళ్లు పారబోసింది నేనేమ్మా. బోరు నీళ్లు పోసిందీ నేనే. ఈ మొగ్గలు గిల్లిందీ నేనే." జిలాన్ చెప్పిందంతా చెప్పింది. తన వైపు నుంచి ఒక్క సాకూ చెప్పలేదు.

మమత కళ్లలో నీళ్లు తిరిగాయి. ఒక్కో ఆకూ తిప్పి చూసింది. అక్కడక్కడా చిన్న చిగుళ్లు పచ్చగా వస్తున్నాయి. చివరికి కొనన విచ్చుకోబోతున్న ఆ ఒక్క మొగ్గనూ గిల్లి అత్త గుడ్డలో వేసింది.

"ఇది గూడా తీసేయాల్సిందే అత్తా, చెట్టు బతకాల గదా. నా డ్యూటీ ఇంకో రెండు నెలలు పొడిగించినారు. సోమారం మళ్లా పోతాండాను."

రాములమ్మ తలెత్తలేదు. "చెట్టును గూడా తీసకపోతావా అమ్మా?"

"యాల? నువ్వుండావు గదా" అంటూ మమత బోర్లించిన డ్రమ్మును తిప్పి నిలబెట్టింది.